సుకుమార సేన్ గారు – వోటు నమ్మకము

ఇల్లు కదలకయే, చేతనున్న సెల్ఫోనుమీదనే వోటు వేయు సదుపాయము కలిగింపవలెనా, వలదా యను చర్చ మన దేశమున కొన్ని సంవత్సరములుగా నడచుచున్నది. 2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘమువారు ఖమ్మము నగరమున సెల్ఫోను వోటును ప్రయోగార్థము పరీక్షించి చూచిరి. అది నిజమైన ఎన్నిక గాదు, యంత్రపరీక్ష మాత్రమే. 2022 డిసెంబరులో భారత ఎన్నికల సంఘమువారు, ఊరు విడిచి పరప్రాంతములకు పోయినవారు ఉన్నచోటినుండియే వోటు వేయుటకై, ఒక్కదానితో 72 నియోజకవర్గములవరకు నిర్వహింపగల యొక యంత్రముయొక్క నమూనాను తయారుచేయించినట్లు ప్రకటించిరి. 2023 జనవరిలో దానిని రాజకీయపక్షములకు చూపింప తలపెట్టగా, పలుపక్షములు అభ్యంతరములు చెప్పుటచే ఆ ప్రదర్శన నిలిచిపోయెను. 2025 జూనులో బీహారునందు పురపాలకసంఘముల ఎన్నికలలో సెల్ఫోనుద్వారా వోట్లు స్వీకరింపబడెను. నేడు పురపాలకసంఘమునకు వచ్చినది రేపు లోకసభకు రాదని ఎవ్వరును చెప్పజాలరు.

ఈ విషయమున తొందరపడువారును కలరు, భయపడువారును కలరు. ఇరువురకును ఉపకరింపగల జీవితమొకటి మన దేశచరిత్రలోనే యున్నది. అది ప్రథమ ప్రధాన ఎన్నికల కమీషనరగు సుకుమార సేన్ గారి జీవితము. వారు కన్నుమూసి ఆరు దశాబ్దములు దాటినది. వారి పేరు వినినవారు అనేకులు. వారు చేసిన పని యెట్టిదో యెరిగినవారు కొలదిమంది. కావున ఆ జీవితమును పాఠకమహాశయుల సమక్షమున సంగ్రహముగా నుంచ దలచితిమి.

సేన్ గారు పందొమ్మిదవ శతాబ్దాంతమున వంగదేశమున విద్యావంతులైన కుటుంబమునందు జన్మించిరి. వారి సోదరులలో నొకరగు అశోకకుమార సేన్ గారు పేరుమోసిన న్యాయవాదియై, కేంద్రప్రభుత్వమున న్యాయశాఖామాత్యులుగా పనిచేసిరి. మరియొక సోదరులు వైద్యవృత్తి నవలంబించిరి. సుకుమార సేన్ గారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలయందును, తరువాత లండను విశ్వవిద్యాలయమందును చదివి, గణితశాస్త్రమున స్వర్ణపతకమును పొందిరి. ఈ గణితవిద్య వారి జీవితమునకు అలంకారమాత్రమై పోలేదు. కోట్లకొలది జనుల పేర్లను, లక్షలకొలది పెట్టెలను, వేలకొలది ఉద్యోగులను తప్పుపోకుండ లెక్కలో నిలుపవలసిన కాలము వచ్చినపుడు, ఆ విద్యయే వారికి తోడయ్యెను.

1920వ దశకము తొలినాళ్లలో వారు ఇండియన్ సివిల్ సర్వీసులో ప్రవేశించిరి. వంగరాష్ట్రమునందలి పలుజిల్లాలలో పనిచేసి, జిల్లా జడ్జీ పదవియు నిర్వహించి, క్రమముగా పశ్చిమ వంగరాష్ట్రమునకు ప్రధానకార్యదర్శి యైరి. ఇది ఆకాలపు తెల్లదొరతనపు కొలువులో పెరిగిన అనేక ఉద్యోగుల చరిత్రవంటిదే. 1950వ సంవత్సరము రాకయుండినచో, వారి పేరు పాత సివిలు లిస్టులలో నొక పంక్తియై నిలిచిపోయి యుండెడిది.

1950 జనవరి 25వ తేదీన ఎన్నికల సంఘము ఏర్పడెను. మరునాడు రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. రాజ్యాంగమునందలి 324వ అధికరణము ఎన్నికల నిర్వహణమును మంత్రివర్గముచేతినుండి తప్పించి, ప్రత్యేకసంఘమున కొప్పగించినది. 326వ అధికరణము వయోజనులందరకు వోటు హక్కు నిచ్చినది. అంతకుముందు, 1935వ సంవత్సరపు చట్టముక్రింద, ఆస్తియో, పన్నుచెల్లింపో, చదువో గలవారికే వోటుండెడిది. పొలము శిస్తు కట్టు రైతునకు వోటుండగా, ఆ పొలమున నాగలి దున్ను పాలేరునకు లేకుండెను. ఇప్పుడు ఇరువురును ఒకే వరుసలో నిలువవలసివచ్చెను. 1950 మార్చి 21వ తేదీన సేన్ గారు ప్రధాన ఎన్నికల కమీషనరు పదవి స్వీకరించిరి. ఆనాడు ఆ సంఘమున వారొక్కరే సభ్యులు.

వోటర్ల జాబితా తయారుచేయు పని వారి రాకకు ముందే ప్రారంభమై యుండెనని యిచ్చట చెప్పుట న్యాయము. రాజ్యాంగ సలహాదారులగు బెనెగళ్ నరసింగరావుగారి పర్యవేక్షణమున, రాజ్యాంగసభా కార్యాలయమువారు 1948 నాటికే ఆ కార్యమునకు పూనుకొని, దేశవిభజనచే ఇల్లువాకిలి కోల్పోయివచ్చిన కాందిశీకుల పేర్లనుగూడ చేర్చు మార్గమును వెదకిరి. ఆ పునాదిపై గోడలు లేపి కప్పు వేసినవారు సేన్ గారు.

ప్రధానామాత్యులగు జవహర్లాల్ నెహ్రూగారు 1951 వసంతకాలముననే ఎన్నికలు జరుగవలెనని కోరిరి. ప్రజలచే ఎన్నుకొనబడిన శాసనసభ సాధ్యమైనంత త్వరగా ఏర్పడవలెనన్న ఆ యాత్రము మెచ్చదగినదే. కాని సేన్ గారు ఓపిక పట్టుడని ప్రధానామాత్యులకే నచ్చజెప్పిరి. జాబితాలు సరిగా లేక, చట్టము పూర్తిగాక, పెట్టెలు చేరక ఎన్నిక జరిపినచో, ఓడినవాడు ఫలితమును నమ్మడు. గెలిచినవానికి గౌరవ ముండదు. 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్యపు చట్టము జాబితాలకు దారిచూపినది. ఎన్నిక నడుపు విధానమును నిర్ణయించిన రెండవ చట్టము 1951లో గాని రాలేదు. ఆ చట్టము చేతికి వచ్చినపిమ్మటనే సేన్ గారు తేదీలు నిర్ణయించిరి. నేడు యంత్రము సిద్ధమైనది గదా యని చట్టమునకు ముందే యెన్నికకు తొందరచేయువారు ఈ ఘట్టమును మరువరాదు.

వారి యెదుట నిలిచిన కార్యముయొక్క పరిమాణమెట్టిదో కొన్ని అంకెలు తెలుపగలవు. వోటర్లు 17 కోట్లకు పైబడిరి. వారిలో నూటికి 85 మంది చదువురానివారు. లోకసభలో 489 స్థానములు, రాష్ట్రసభలతో గలిపి వేలకొలది స్థానములు నింపవలెను. లోకసభకే 1,874 మంది అభ్యర్థులు నిలిచిరి. జాబితాలను టైపుచేసి సరిచూచుటకు 16,500 మంది గుమాస్తాలను ఆరేసి నెలలకు నియమించిరి. వానిని అచ్చువేయుటకు 3,80,000 రీముల కాగితము పట్టెను. 20 లక్షలకు మించిన ఉక్కుపెట్టెలకు 8,200 టన్నుల ఉక్కు కావలసివచ్చెను. బొంబాయిలోని గోద్రెజ్ కర్మాగారమున చేసిన పెట్టెలతోపాటు, మన హైదరాబాదునందలి ఆల్విన్ కర్మాగారపు పెట్టెలును ఆ యెన్నికలలో వాడబడెను. 56,000 మంది అధ్యక్షాధికారులు, వారికి తోడుగా 2,80,000 మంది సహాయకులు, 2,24,000 మంది పోలీసులు పనిచేసిరి. పెట్టెలు కొన్ని కొండప్రాంతములకు, నదులు దాటించి, ప్రత్యేకముగా వేసిన వంతెనలమీదుగా చేర్చవలసివచ్చెను. హిందూమహాసముద్రములోని చిన్నద్వీపములకు నౌకలపై పంపవలసివచ్చెను.

చదువురాని వోటరు తన వోటు తానే వేయుట యెట్లు? ఇదియే అన్నిటికంటె గడ్డు ప్రశ్న. ఎవరో యొకరు చదివిపెట్టి, వోటరు చెప్పినచోట గుర్తువేసిన సులువుగా తీరిపోవును. కాని రహస్యము పోవును. ఋణదాత యెదుట ఋణస్థుడు, దొరయెదుట కూలివాడు తన మనస్సులోని మాట చెప్పునా? కావున సేన్ గారు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై అందరు ఎరిగిన గుర్తు నతికించిరి. కాడియెడ్లు, గుడిసె, ఏనుగు, మట్టిప్రమిద – ఇట్టివి పల్లెటూరివాని కన్నుల యెదుట నిత్యము మెలగు వస్తువులు. వోటరు తెరచాటునకు పోయి, తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో కాగితము వేసివచ్చును. చెన్నపురి రాజధానిలోని పెద్దలకు ఈ పద్ధతి పూర్తిగా క్రొత్తది గాదు. 1937వ సంవత్సరపు ఎన్నికలలో కాంగ్రెసువారి పసుపుపచ్చ పెట్టె నాటినుండి అది యెరిగినదే. సేన్ గారు దానిని దేశమంతటికి అనువగునట్లు తీర్చిదిద్దిరి. ఒకడు రెండుమారులు వోటు వేయకుండుటకై, వ్రేలిమీద కొన్ని దినములవరకు చెరగని సిరా గుర్తు పెట్టించిరి. ఆ సిరాను మన దేశపు శాస్త్రజ్ఞులే తయారుచేసిరి; ఆ యెన్నికలలో 3,89,816 బుడ్లు ఖర్చయ్యెను.

ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. పెట్టె, గుర్తు, సిరా – ఈ మూడింటిలో పామరునకు అర్థముగాని దేదియు లేదు. పెట్టె ఖాళీగా నున్నదని పోలింగు మొదలగునపుడే అభ్యర్థుల తరపువారు కండ్లార చూచెదరు; దానికి ముద్ర వేయుదురు; లెక్కింపు దినమున ఆ ముద్ర చెక్కుచెదరలేదని మరల చూచెదరు. హిమాచలప్రదేశమున చినీ తహసీలువారు, మంచుచే దారులు మూసికొనిపోక మునుపే, 1951 అక్టోబరు 25వ తేదీన మొట్టమొదట వోట్లు వేసిరి. ఎన్నికలు ముగియుసరికి 1952 ఫిబ్రవరి అయ్యెను. అన్ని నెలలు ఆ కొండలయందు వేయబడిన వోట్లు ముద్రలక్రింద నిశ్చింతగా నుండెను. పెట్టెను చేసిన కర్మాగారము పేరుగాని, దాని తాళపు నేర్పుగాని వోటరు తెలిసికొన బనిలేదు. తాను నమ్మిన మనుష్యుడొకడు కన్నులతో చూచినాడన్న ధైర్యమే ఆ నమ్మకమునకు మూలము.

ఆ పెట్టెలు ఎవరిని మన్నింపలేదు. చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాగారే ఓడిపోయిరి. అనంతపురమున నీలము సంజీవరెడ్డిగారు తమ బావమరిదియగు తరిమెల నాగిరెడ్డిగారి చేతిలో ఓటమి నందిరి. నిజాము రాష్ట్రమున నిన్న మొన్నటివరకు సాయుధపోరాటము నడిపిన కమ్యూనిస్టులు, తమ పార్టీపై నిషేధముండగా, ప్రజాస్వామ్య కూటమి పేర నిలిచిరి. వారిలో నల్లగొండనుండి నిలిచిన రావి నారాయణరెడ్డిగారికి ప్రధానామాత్యులగు నెహ్రూగారికంటె నెక్కువ వోట్లు లభించెను. తుపాకి పట్టినవారు పెట్టెను నమ్మిరి. అధికారమున నున్నవారు ఓటమి నొప్పుకొని గృహోన్ముఖులైరి. వోటు వేసినవారు నూటికి సుమారు 45 మందియే యైనను, ఫలితము నొప్పుకొననివారు అరుదు. సేన్ గారు గెలిచిన గెలుపు ఇదియే.

ఐనను సేన్ గారి కార్యమున నొక కఠినఘట్టము కలదు. దానిని దాచుట చరిత్రకారుని ధర్మము గాదు. ఉత్తరదేశపు రాష్ట్రములలో అనేకమంది స్త్రీలు జాబితాలు వ్రాయువారికి తమ పేర్లు చెప్ప నిరాకరించిరి. ఫలానావాని తల్లి యనియో, ఫలానావాని భార్య యనియో మాత్రమే వారు వ్రాయించుకొనిరి. పేరు లేని వోటరును గుర్తించుట యెట్లు? ఆమె వోటును మరియొకరు వేసిన ఆపుట యెట్లు? సేన్ గారు పేరు చెప్పవలసినదే యని పట్టుపట్టిరి. గడువును పొడిగించి అవకాశమిచ్చిరి. అప్పటికిని చెప్పనివారి పేర్లను కొట్టివేయించిరి. అట్లు జాబితాలనుండి తొలగిపోయిన స్త్రీల సంఖ్య సుమారు 28 లక్షలు. దీనిపై పెద్ద కలకలము చెలరేగెను. ఈ గొడవవలననే ఆ దురాచారము వచ్చు ఎన్నికలనాటికి సడలునని వారి యాశ.

వారు చేసినది తప్పని మేము అనజాలము. పేరులేని జాబితా దొంగవోట్లకు తలుపు తీయును. స్త్రీని ఇంకొకరి భార్యగా గాక, స్వంతనామముగల పౌరురాలిగా రాజ్యము గుర్తింపవలెనన్న పట్టుదలయు గొప్పదే. కాని ఆ నియమముయొక్క భారము ఎవరిమీద పడెను? నియమమును చేసినవారిమీదను, ఆచారమును నిలిపిన పురుషులమీదను గాదు. నోరు విప్ప స్వాతంత్ర్యములేని 28 లక్షల స్త్రీలమీద పడెను. న్యాయమైన నియమమైనను, అది బలహీనులను బయట నిలుపునేమోయని రాజ్యము ముందుగా చూచుకొనవలెనని ఈ యుదంతము మనకు బోధించుచున్నది.

మొదటి ఎన్నికల కీర్తి దేశము దాటిపోయెను. 1953 ఫిబ్రవరిలో బ్రిటిషు, ఈజిప్టు ప్రభుత్వములు సూడాను దేశమునకు స్వపరిపాలన నిచ్చుటకు ఒడంబడిక చేసికొని, అచ్చటి ప్రథమసార్వత్రిక ఎన్నికలను జరిపించుటకు అంతర్జాతీయసంఘము నొకదానిని నియమించినవి. ఒకరినొకరు శంకించు ఆ రెండు దేశములవారికిని నమ్మదగిన అధ్యక్షుడు కావలసివచ్చినపుడు భారతదేశమునుండి సేన్ గారిని కోరిరి. ఎడారులు, చిత్తడినేలలు, సంచారజాతులు గల ఆ విశాలదేశమున వారు నెలలతరబడి యుండి, 1953 సంవత్సరాంతమున ఎన్నికలు జరిపించిరి. తరువాత రెండేండ్లకు, 1956 జనవరి 1వ తేదీన, సూడాను స్వతంత్రమయ్యెను. పరాధీనతనుండి అప్పుడే వెలువడిన దేశపు ఉద్యోగి మరియొక దేశపు విముక్తికి మెట్టు కట్టుట మనకు గర్వకారణము. భారతప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదముతో వారిని గౌరవించిరి.

మన ఆంధ్రులకును వారితో సంబంధము తక్కువది గాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపిమ్మట, 1955 ఫిబ్రవరిలో 196 స్థానములుగల శాసనసభకు ఎన్నికలు జరిగినవి. కాంగ్రెసు, కమ్యూనిస్టు పక్షముల పోరు తారస్థాయి నందుకొని, దేశమంతయు ఆంధ్రమువైపు చూచుచుండిన దినములవి. ఆ యెన్నికలు వారి హయాముననే జరిగినవి. 1956లో ఆంధ్రప్రదేశ మవతరించిన పిదప, 1957లో శాసనసభకు తెలంగాణపు స్థానములకు మాత్రమే ఎన్నిక జరుపవలసివచ్చెను. ఏలయన 1955లో నెన్నుకొనబడిన సభ్యులు కొనసాగుచుండిరి. ఇట్టి చిక్కుముడులను సైతము సంఘమువారు సునాయాసముగా విప్పిరి.

1957వ సంవత్సరపు రెండవ సార్వత్రిక ఎన్నికలు సేన్ గారి పొదుపునకు సాక్ష్యము. మొదటి ఎన్నికల పెట్టెలను వారు పారవేయనీక భద్రపరపించిరి. కనుక క్రొత్తవి సుమారు 5 లక్షలు మాత్రమే కావలసివచ్చెను. మొదటి ఎన్నికలకు సుమారు 10 కోట్ల 45 లక్షల రూపాయలు వ్యయముకాగా, రెండవవానికి 5 కోట్ల 90 లక్షలతో సరిపోయెను. వోటర్ల సంఖ్య పెరిగినను వ్యయము దాదాపు సగమునకు దిగుట ప్రభుత్వకార్యములలో అపూర్వము. 1958 డిసెంబరు 19వ తేదీన వారు ఆ పదవినుండి విరమించిరి. 1960లో క్రొత్తగా స్థాపింపబడిన బర్ద్వాను విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షులైరి. ఆ దశకపు తొలినాళ్లలోనే దివంగతులైరి. తాము చేసిన పనినిగూర్చి ఆత్మకథ వ్రాసి కీర్తిని వెదకలేదు. ఎన్నికల నివేదికలలోని లెక్కలే వారి ఆత్మకథ.

సేన్ గారి పద్ధతియే శాశ్వతమని మేము చెప్పుటలేదు. పలుపెట్టెల విధానమున లోపము లుండెను. వోటరు కాగితమును పెట్టెలో వేయక బయటికి తెచ్చి అమ్ముకొనుటకు అవకాశముండెను. కావుననే 1962వ సంవత్సరపు ఎన్నికలనాటికి, ఒకే కాగితముపై అందరి గుర్తులు నచ్చొత్తి, ముద్ర వేయించు పద్ధతి వ్యాపించెను. 1982లో కేరళమునందలి పరవూరున విద్యుద్యంత్రములు కొన్ని కేంద్రములలో ప్రయోగింపబడెను; చట్టమున అందులకు ఆధారము లేదని సుప్రీముకోర్టువారు 1984లో ఆ యెన్నికను త్రోసిపుచ్చిరి. తరువాతనే చట్టము సవరింపబడెను. 2004లో దేశమంతట లోకసభ యెన్నికలు యంత్రములతో జరిగినవి. వోటు సరిగా పడినదో లేదో కానరాదన్న సందేహము తీరక, 2013లో సుప్రీముకోర్టువారి యాజ్ఞపై కాగితపు చీటీ చూపు పరికరము చేర్చుట ప్రారంభమై, 2019 నాటికి అన్ని కేంద్రములకు చేరెను. అనగా, యంత్రమునకు కాగితమును మరల సాక్షిగా నిలుపవలసివచ్చినది. కన్నులతో చూచి నమ్ముట యను సేన్ గారి సూత్రము ఇన్నేండ్లకును పాతబడలేదు.

ఇక ఇంటర్నెట్టు వోటునకు వత్తము. దానివలని ప్రయోజనమును తక్కువచేయుట న్యాయముగాదు. 2019వ సంవత్సరపు లోకసభ యెన్నికలలో సుమారు 30 కోట్లమంది వోటు వేయలేదు. వారిలో పొట్టకూటికై ఊరు విడిచిన కూలీలు అనేకులు. పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి దూరనగరములకు పోయి గోడలు కట్టు శ్రామికుడు ఒక్క దినపు వోటునకై మూడు దినముల కూలి వదలుకొని యెట్లు రాగలడు? గల్ఫు దేశములలోను, అమెరికాలోను ఉన్న తెలుగువారికి 2010వ సంవత్సరపు సవరణమువలన వోటరుగా నమోదగు హక్కు వచ్చినను, స్వయముగా స్వగ్రామమునకు వచ్చి వేయవలసియుండుటచే, అది అనేకులకు కాగితముమీది హక్కుగానే మిగిలినది. సైనికులకు 2016 నుండి వోటుకాగితమును విద్యుత్సాధనములద్వారా పంపుచున్నారు. వారు దానిని నింపి తపాలాలో త్రిప్పి పంపవలెను. అట్టి సదుపాయము ఇతరులకు విస్తరింపజేయుటయందు ఎవ్వరికి అభ్యంతరముండదు.

ఇతర దేశముల అనుభవమును జూడుడు. ఎస్టోనియా 2005లో స్థానిక ఎన్నికలకును, 2007లో పార్లమెంటునకును ఇంటర్నెట్టు వోటు నంగీకరించెను; 2023లో అచ్చటి పార్లమెంటు ఎన్నికలలో సగమునకు మించిన వోట్లు అట్లే పడినవి. ఇంటిలో నెవరైన బలవంతపెట్టిన, వోటరు మరల వోటు వేసి మునుపటిదానిని రద్దుచేసికొనవచ్చును. కాగితపు వోటు వేసిన నదియే చెల్లును. కాని ఆ దేశపు జనసంఖ్య సుమారు 13 లక్షలు. మన జిల్లా యొక్కదానికి సరిపోదు. నార్వే 2011లోను, 2013లోను పరీక్షించి, 2014లో విరమించుకొనెను. జర్మనీ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము 2009లో వోటుయంత్రములనే కాదన్నది. ప్రత్యేకవిద్య లేని సామాన్యపౌరుడు సైతము ఎన్నికలోని ముఖ్యఘట్టములను తానై సరిచూచుకొన వీలుండవలెనన్నది ఆ తీర్పు సారాంశము. మన పామరవోటరుకై సేన్ గారు 1951లో కార్యతః పాటించినదే ఆ న్యాయాధీశులు సూత్రముగా చెప్పిరి.

బ్యాంకు వ్యవహారములు సెల్ఫోనుపై జరుగుచుండగా వోటేల జరుగరాదని కొందరు అడుగుచున్నారు. బ్యాంకులో పొరపాటు జరిగిన ఖాతా చూచి పట్టుకొనవచ్చును. ఎవరి సొమ్ము ఎవరికి చేరినదో పుస్తకములో నుండును. వోటునందు ఎవరు ఎవరికి వేసిరో ఎచ్చటను ఉండకూడదు. గుట్టును కాపాడుచు లెక్కనుగూడ సరిచూపవలెను. ఈ రెండును ఒకచో నిముడుట యెంత కష్టమో గణితమెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అంతకంటె పెద్దది మరియొకటి. పోలింగు స్టేషనులోని తెర వెనుక వోటరు ఒంటరి. ఇంటిలో ఆమె యొంటరి గాదు. సెల్ఫోను భర్తచేతిలోనో, కొడుకుచేతిలోనో యుండును. తోటలో, మిల్లులో పనిచేయు కూలివాని సెల్ఫోను మేస్త్రీచేతికి పోవుట యెంతసేపు? నాడు పేరు చెప్పలేక 28 లక్షల స్త్రీలు జాబితాకు వెలుపల నిలిచిరి. నేడు సెల్ఫోను లేని స్త్రీ వెలుపల నిలుచును. ఉన్న స్త్రీయొక్క వోటును మరియొకరు వేయుదురు. మొదటిది కంటికి కనబడిన నష్టము. పత్రికలు వ్రాసినవి, సంఘమువారు లెక్కించిరి. రెండవది ఏ లెక్కకును ఎక్కదు. భూస్వాములైన పాఠకులకు, పట్టణవాసులకు మా మనవి యేమనగా: మీ చేతిలోని సెల్ఫోను మీకు సౌకర్యమే, కాని మీ యింట, మీ పొలమున పనిచేయువారి వోటుకు అది రక్షయా, శిక్షయా యని యోచింపుడు.

ఈ కారణములచే ఇంటర్నెట్టు వోటు ఎన్నటికిని కూడదని మేము వాదింపము. చట్టము ముందు, యంత్రము తరువాత రావలెను. చిన్న ఎన్నికలలో బహిరంగముగా పరీక్షించి, లోపములను దాచక ప్రకటింపవలెను. ఓడిన పక్షమువారు స్వయముగా సరిచూచుకొను మార్గము లేనిదే లోకసభ యెన్నికలకు దానిని తేరాదు. వలసకూలీలకు మొదట ఉన్నచోటనే పోలింగు స్టేషను, తెర, అధికారి ఏర్పరచుట మేలు. దూరమును తగ్గింపవచ్చును, తెరను తీసివేయరాదు. 2024లో వోటర్లు సుమారు 97 కోట్లు, పోలింగు స్టేషనులు 10 లక్షలకు మించినవి. ఇంత పెద్ద కార్యమున నొక్కసారి నమ్మకము చెడినచో మరల నిలుపుట సులభము గాదు.

ప్రధానామాత్యులు తొందరపడినపుడు ఓపిక పట్టుడని చెప్పగలిగిన ఉద్యోగియు, ఆ మాట వినగలిగిన ప్రధానామాత్యులును 1951లో ఈ దేశమున కుండిరి. నేడు సర్కారువారును, ఎన్నికల సంఘమువారును ఇంటర్నెట్టు వోటును పరిశీలించునపుడు ఆ యిరువురి నడవడిని తలచుకొందురు గాక. ఓడినవాడు నమ్మి ఇంటికి పోగల యెన్నికయే ఎన్నిక. సుకుమార సేన్ గారు మనకు విడిచిపోయిన ఆస్తి ఆ నమ్మకమే. దానిని తరుగనీయక రాబోవు తరమువారి కందించుట మన విధి.